రెండు విచారణలకు (ప్యారిష్‌లకు) ఒకే విచారణ గురువు: బదిలీ తేదీ నాటికి ఏమేం చూసుకోవాలి?

కాలువగట్టు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మొన్న ఆదివారం పూజ చివర మేత్రాణుల (బిషప్ గారి) ఉత్తర్వు చదివి వినిపించారు. మా విచారణ గురువులకు వేరే విచారణకు బదిలీ అయింది. ఆయన స్థానంలో కొత్తగా ఎవరినీ వేయలేదు. 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద విచారణ ఫాదర్ గారికే మాదీ అప్పగించారు. అక్కడ ఒక సహాయ గురువు కూడా ఉన్నారు. పెద్ద విచారణ కింద 9 ఊళ్లు, మా కింద 6 ఊళ్లు. మార్పు వచ్చే నెల 1 నుంచి.

కమిటీ తరఫున అడుగుతున్నాను. మా విచారణను పెద్ద విచారణలో కలిపేసినట్టేనా? వచ్చే నెల 6న, 13న రెండు పెళ్లిళ్లు ఉన్నాయి, ప్రకటనలు మొదలయ్యాయి. 13నాటి పెళ్లికి పెళ్లికూతురి మేనమామ (ఆయనా ఫాదరే, వేరే మేత్రాసనం, అంటే వేరే బిషప్ గారి పరిధి) వచ్చి పూజ చేస్తారట. రిజిస్టర్లు, బ్యాంకు ఖాతా ఎవరికి, ఎలా అప్పజెప్పాలి? కుర్రాళ్లేమో బస్సు మాట్లాడుకుని బిషప్ హౌస్‌కి పోదాం అంటున్నారు.

కానన్_పుటలు

కలపలేదండీ, ముందు ఆ భయం తీసేయండి. విచారణను కొత్తగా ఏర్పరచాలన్నా, రద్దు చేయాలన్నా, పెద్ద మార్పు చేయాలన్నా మేత్రాణులు గురువుల మండలి అభిప్రాయం విన్నాకే చేయాలి (కానన్ 515; కానన్లంటే శ్రీసభ, అంటే కతోలిక సంఘం, చట్ట సూత్రాలు, కింద బ్రాకెట్లలోని సంఖ్యలు వాటివే). దానికి విడిగా ఉత్తర్వు వస్తుంది. మీకు జరిగింది కానన్ 526 కింద: ఒక విచారణ గురువుకు ఒకే విచారణ ఉండాలన్నది నియమం, గురువులు చాలనప్పుడు పక్కపక్క విచారణలు ఒకరికే అప్పగించవచ్చన్నది అందులోనే ఉన్న మినహాయింపు. మీ విచారణ చట్టప్రకారం దేనికది విడి సంస్థ. మీ రిజిస్టర్లు, మీ ముద్ర, మీ ఖాతా, మీ ఆర్థిక సంఘం మీవిగానే ఉంటాయి. ఆర్థిక సంఘం ప్రతి విచారణకూ ఉండి తీరాలి (537). రెండు విచారణలకీ కలిపి ఒకటి పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

నియామక పత్రంలో ఒక్క మాట గమనించండి. పెద్ద విచారణ ఫాదర్ గారిని మీకు 'విచారణ గురువు'గా వేశారా, 'అడ్మినిస్ట్రేటర్'గా వేశారా? రోజువారీ పనిలో తేడా కనిపించదు. కానీ అడ్మినిస్ట్రేటర్ విచారణ గురువు హక్కులకు గానీ, విచారణ ఆస్తికి గానీ నష్టం కలిగించే పని చేయకూడదు, బాధ్యత ముగిశాక లెక్క అప్పజెప్పాలి (540). పైగా అడ్మినిస్ట్రేటర్ అని ఉంటే ఏర్పాటు తాత్కాలికమనీ, ఎప్పటికైనా మీకు ఒకరిని వేసే ఆలోచన ఉందనీ అర్థం చేసుకోవచ్చు.

రిజిస్టర్_బీరువా

పెళ్లిళ్ల సంగతి ముందు తేల్చుకోండి కాలువగట్టు గారూ. బదిలీల్లో నిజంగా ప్రమాదం జరిగేది అక్కడే.

కతోలిక పెళ్లి చెల్లాలంటే ఇద్దరు సాక్షులతో పాటు ఆ స్థలం మీద అధికారం ఉన్న గురువు సమక్షంలో జరగాలి. అంటే మేత్రాణులు, ఆ విచారణ గురువు, లేదా వాళ్లు డెలిగేషన్ (తమ బదులు జరిపించే అధికారం) ఇచ్చిన గురువు లేదా డీకన్ (గురువు కింది పట్టం పొందినవారు) (1108). గురుపట్టం ఉన్నంత మాత్రాన చాలదు. పూజ చెల్లుతుంది, పెళ్లి మాత్రం చెల్లదు. ఈ తేడా తెలియక జరిగే పొరపాట్లు మూడు రకాలు.

మొదటిది పాత ఫాదర్ గారు తిరిగి రావడం. బదిలీ అయి వెళ్లిన ఫాదర్ గారినే పిలుచుకుంటారు, చిన్నప్పటి నుంచి తెలిసినవారు కదా అని. ఆయనకు అప్పటికి ఇక్కడ అధికారం లేదు. కొత్త విచారణ గురువు డెలిగేషన్ ఇవ్వాల్సిందే. అందరికీ తెలిసిన మనిషి కాబట్టి అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాదు, అందుకే ఎక్కువ తప్పులు ఇక్కడే.

రెండోది సహాయ గురువు. సహాయ గురువుకు ఆ పదవి వల్ల పెళ్లి చేసే అధికారం రాదు. జనరల్ డెలిగేషన్ (అన్ని పెళ్లిళ్లకూ వర్తించేది) ఉండాలి, అదీ రాతపూర్వకంగా (1111). పెద్ద విచారణ సహాయ గురువుకు ఇప్పటికే ఉండి ఉంటుంది, కానీ అది పెద్ద విచారణ హద్దుల వరకే. 1వ తేదీ తర్వాత ఆయన మీ గుడిలో పెళ్లి చేయాలంటే ఆయన పత్రంలో మీ విచారణ పేరు కూడా ఉండాలి.

మూడోది బంధువైన ఫాదర్. మీ 13నాటి పెళ్లి ఇదే. ఆ ఫాదర్ గారి పేరు, వధూవరుల పేర్లు, తేదీ, గుడి రాసి కొత్త విచారణ గురువు సంతకంతో ఒక కాగితం తీసుకోండి. నోటి మాటతో ఇచ్చినా స్పెషల్ డెలిగేషన్ (ఒక్క పెళ్లికే ఇచ్చేది) చెల్లుతుంది, రేపు రుజువు కావాల్సి వస్తేనే కష్టం. ఆ కాగితాన్ని పెళ్లి ఫైలులో ఉంచి, రిజిస్టర్ రిమార్కుల గడిలో 'ఫలానా వారి డెలిగేషన్‌తో' అని రాయించండి.

గోదావరి_విశ్వాసి

ఒక సందేహం. ఇప్పుడున్న ఫాదర్ గారే వెళ్లేలోగా మేనమామ ఫాదర్ గారికి డెలిగేషన్ రాసిచ్చేస్తే? ఆయన వెళ్లిపోగానే అది రద్దయిపోతుందా?

కానన్_పుటలు

రద్దు కాదు. డెలిగేషన్ ఇచ్చినవారి పదవి ముగిసినా, పత్రంలో అలా షరతు పెడితే తప్ప ఇచ్చిన అధికారం నిలుస్తుంది (142). కాబట్టి 13నాటి పెళ్లికి ఇప్పుడే రాసిచ్చినా చెల్లుతుంది. అయినా కొత్త ఫాదర్ గారి చేత కూడా సంతకం చేయించండి. చట్టం కోసం కాదు, ఆ రోజు గుడి తాళాలు, రిజిస్టరు ఆయన చేతిలో ఉంటాయి. తనకు తెలియకుండా తన విచారణలో పెళ్లి జరిగిందన్న మాట మొదటి నెలలోనే రాకూడదు.

ఇంకా 6నాటి పెళ్లి విషయం. అధికారం ఎప్పుడు మారుతుందో తెలుసుకోండి. ఉత్తర్వు మీద ఉన్న తేదీతో మారదు, బాధ్యత స్వీకరించిన క్షణంతో మారుతుంది (527). బదిలీ అయిన గురువు కొత్త చోట బాధ్యత తీసుకునే వరకూ, మేత్రాణులు వేరేగా నిర్ణయిస్తే తప్ప, పాత చోట ఆయనే విచారణ గురువు (191). పక్కపక్క విచారణల్లో గొలుసు బదిలీలు జరిగినప్పుడు ఇదే చిక్కుముడి. ఒకరు కదిలితే గానీ ఇంకొకరు కదలలేరు. ఎక్కడో ఒకచోట స్వీకార పూజ వారం వాయిదా పడితే మిగతా తేదీలన్నీ మారిపోతాయి. అందుకే ఉత్తర్వులో 'ఫలానా తేదీ నుంచి' అని స్పష్టంగా ఉందా, స్వీకార పూజ ఏ రోజు, ఎవరు జరిపిస్తారు, ఈ మూడూ డీన్ గారిని (చుట్టుపక్కల విచారణలను చూసుకునే గురువును) అడిగి రాసుకోండి. పూజలో విశ్వాస ప్రమాణం, విధేయతా ప్రమాణం చేసి సంతకం పెట్టిన కాగితం ఒక ప్రతి మీ ఫైలులో ఉంచండి. ఏ రోజు నుంచి ఎవరికి అధికారం అన్న ప్రశ్న 20 ఏళ్ల తర్వాత వచ్చినా ఆ కాగితమే జవాబు.

ఓరుగల్లు_శృతి

ఒకవేళ డెలిగేషన్ లేకుండా పెళ్లి జరిగిపోయిందని తర్వాత తెలిస్తే దారి ఉందా? ఆ దంపతుల తప్పేం లేదు కదా పాపం.

రిజిస్టర్_బీరువా

ఉందండీ. తెలిసిన వెంటనే విచారణ గురువుకు చెప్పాలి. ఆయన ఛాన్సలర్ ఆఫీసుకు (మేత్రాసనం రికార్డుల కార్యాలయానికి) రాస్తారు. పరిస్థితిని బట్టి మామూలుగా చేసేవి రెండు. ఒకటి, దంపతులు ఇద్దరు సాక్షుల ఎదుట, అధికారం ఉన్న గురువు ముందు మళ్లీ సమ్మతి చెప్పడం. ఊరంతా పిలవక్కర్లేదు, నిశ్శబ్దంగా చేయవచ్చు. రెండోది, వాళ్ల సమ్మతి కొనసాగుతూ ఉంటే మళ్లీ చెప్పించకుండానే మేత్రాణులు మూలం నుంచి సరిచేసే ఉత్తర్వు ఇవ్వడం (1161 నుంచి 1165). కొన్ని సందర్భాల్లో శ్రీసభే లోపాన్ని పూరిస్తుందన్న నియమం కూడా ఉంది (144), కానీ అది వర్తిస్తుందో లేదో తేల్చాల్సింది ఛాన్సలర్ ఆఫీసే, విచారణ కమిటీ కాదు. ఏ దారిలో సరిచేసినా ఆ వివరం పెళ్లి రిజిస్టర్‌లో ఎక్కాలి, జ్ఞానస్నానం పొందిన విచారణలకూ తెలియాలి.

ఖాతా_పుస్తకం

డబ్బు లెక్కల గురించి నేను చెబుతాను.

బాధ్యత స్వీకరించే ముందు ఆస్తుల పట్టీ తయారు చేసి సంతకం చేయాలని శ్రీసభ చట్టమే చెబుతోంది (1283). పాత పట్టీ ఉంటే దానితో పోల్చి తేడాలు రాయాలి. మన దగ్గర చాలాచోట్ల జరిగేది ఏంటంటే వీడ్కోలు సభ, శాలువాలు, భోజనాలు అయ్యాక సాయంత్రం 5 గంటలకు బీరువా తాళాలు చేతిలో పెట్టడం. అది అప్పగింత కాదు. వీడ్కోలుకు కనీసం 3 రోజుల ముందు ఒక పూట పూర్తిగా దీనికే కేటాయించండి. పాత ఫాదర్, కొత్త ఫాదర్, ఆర్థిక సంఘం నుంచి ఇద్దరు, వీలైతే డీన్ గారు. అందరూ కూర్చుని ఒక్కో వస్తువు చూసి రాయాలి.

నగదు లెక్కపెట్టి అంకెల్లో, అక్షరాల్లో రాయండి. పాస్‌బుక్ ఆ రోజు వరకు ఎంట్రీ వేయించండి. ఇచ్చి ఇంకా జమకాని చెక్కుల నంబర్లు, మిగిలిన చెక్కు కాగితాల నంబర్లు ఒక పక్క రాయండి. కరెంటు బిల్లు, నీటి పన్ను, వాచ్‌మన్ జీతం, ఉపదేశుల (ఊళ్లలో ప్రార్థన నడిపేవారి) నెలవారీ భత్యం, వీటిలో ఏ నెల వరకు ఇచ్చారో తేల్చండి. అప్పులుంటే దాచకండి. సక్రమంగా చేసిన అప్పు విచారణది, పాత ఫాదర్ గారి సొంతం కాదు. ఆయన వెళ్లినా సిమెంటు కొట్టువాడు మిమ్మల్నే అడుగుతాడు. వెళ్లేముందు చివరి నెలల్లో కొత్త ప్రహరీ, కొత్త గ్రోటో (మరియమాత గుహ) లాంటి పనులు మొదలుపెట్టకపోవడం మంచిది. మామూలు నిర్వహణకు మించిన ఖర్చులకు ముందుగా రాతపూర్వక అనుమతి లేకపోతే ఆ ఒప్పందమే చెల్లదు (1281).

బ్యాంకులో సంతకాల మార్పుకు మేత్రాణుల నియామక పత్రం నకలు, మేత్రాసనం సొసైటీ తీర్మానం, కొత్తవారి కేవైసీ కాగితాలు అడుగుతారు. ఇది ఒక్క రోజులో తెమలదు. ఈ మధ్యలో డబ్బు అవసరం పడుతుంది కాబట్టి ముందే రెండు వారాల ఖర్చుకు సరిపడా తీసి, రసీదు రాసి, ఆర్థిక సంఘం దగ్గర ఉంచండి. పాత ఫాదర్ గారి చేత ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించుకోవడం మాత్రం వద్దే వద్దు. సాయం చేస్తున్నాననుకుని ఆయన పెడతారు, తర్వాత ఏ తేడా వచ్చినా మాట ఆయన మీదకే పోతుంది.

గోదావరి_విశ్వాసి

పూజ తలంపులకు (ఫలానావారి కోసం పూజ చేయమని చెప్పించుకునేవాటికి) ముందుగా ఇచ్చిన కానుకలు కూడా ఇందులోకే వస్తాయా?

ఖాతా_పుస్తకం

రావు, రానివ్వకూడదు. అది విచారణ ఆదాయం కాదు, చేయాల్సిన పూజ. తలంపుల పుస్తకం తెరిచి ఇంకా చేయని పూజలకు జాబితా రాయండి: పేరు, తలంపు, కావాలన్న తేదీ, ఇచ్చిన కానుక. జాబితా, దానికి సరిపడా డబ్బు, రెండూ ఒకే కవరులో కొత్త ఫాదర్ గారికి ఇవ్వాలి. లేదా పాత ఫాదర్ గారు 'ఈ 11 పూజలు నేనే కొత్త చోట చేస్తాను' అని రాసి పట్టుకెళ్లవచ్చు, అప్పుడు డబ్బు ఆయనతో పోతుంది. చనిపోయిన భర్త సాంవత్సరికానికి పూజ చెప్పించిన ఒక పెద్దావిడ ఆ రోజు గుడికి వచ్చి కూర్చుంటే, పేరు చదవకుండా పూజ అయిపోయిందంటే ఆమెకు ఎలా ఉంటుందో ఆలోచించండి. రెండు విచారణల తలంపులు ఇక ఒకే గురువు దగ్గరకు వస్తాయి కాబట్టి ఇంకో జాగ్రత్త: ఏడాదిలోపు చేయగలిగినన్నే తీసుకోవాలి (953). రోజుకు రెండు మూడు పూజలు చేసినా ఒక్క పూజ కానుకే తన కోసం, క్రిస్మస్ తప్ప. మిగతావి మేత్రాణులు చెప్పినదానికి వెళ్తాయి (951). పూజల సంఖ్య పెరిగితే ఫాదర్ గారికి ఆదాయం పెరుగుతుందని కొందరు అనుకుంటారు, అది తప్పు.

చెట్టుకింద_ఉపదేశి

అసలు ఊళ్ల సంగతి ఎవరూ అనలేదేం? 15 ఊళ్లండీ. లెక్క వేద్దాం.

ఆదివారం ఒక గురువు గరిష్ఠంగా మూడు పూజలు చేయవచ్చు, అదీ మేత్రాణుల అనుమతితో (905). శనివారం సాయంత్రం పూజ ఆదివారం బాధ్యతకు సరిపోతుంది కాబట్టి అదొకటి. అంటే ఒక్కో గురువుకు వారానికి 4, ఇద్దరికీ 8. రెండు ప్రధాన గుళ్లకూ ఒక్కొక్కటి తీసేస్తే 6 మిగులుతాయి. 15 ఊళ్లకు 6. ఐదు వారాల చక్రం తిప్పితే 30 పూజలు, ప్రతి ఊరికీ 2.

ఇప్పటివరకు ఎలా ఉందో చూడండి. కాలువగట్టు గారి విచారణలో ఒక్క గురువు: 4 పూజల్లో గుడికి 1 పోగా 6 ఊళ్లకు 3. ఐదు వారాల్లో 15. ఇక మీదట 12. పెద్ద విచారణలో ఇద్దరు: 8లో 1 పోగా 9 ఊళ్లకు 7. ఐదు వారాల్లో 35. ఇక మీదట 18. ఫాదర్ గారు పోయింది కాలువగట్టు గారి విచారణ నుంచే గానీ, పూజలు సగానికి తగ్గేది పెద్ద విచారణ ఊళ్లకు. ఈ సంగతి వాళ్లకు ఇంకా తెలిసి ఉండదు. రెండు కమిటీలూ కలిసి కూర్చుని పట్టిక వేసుకోకపోతే మూడో నెలకు 'మా ఫాదర్‌ని మీరు లాక్కున్నారు' అన్న మాట వస్తుంది.

కాలువగట్టు

ఈ కోణం మాకు తట్టనే లేదు అన్నా. మా కష్టమే పెద్దదనుకున్నాం. పట్టిక ఎలా వేయాలో కాస్త చెప్పండి.

చెట్టుకింద_ఉపదేశి

పటం ముందు పెట్టుకోండి. దూరం కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో రాయండి. వానాకాలంలో కాలువగట్టు మీద 7 కిలోమీటర్లకు 35 నిమిషాలు పడుతుంది. విచారణ హద్దు మరిచిపోయి ఊళ్లను దారుల ప్రకారం జతచేయండి. పెద్ద విచారణ కింద ఉన్న ఏ ఊరో మీ గుడికే దగ్గర కావచ్చు. పూజ ఎక్కడ చేసినా హద్దులు మారవు, రిజిస్టర్ ఏ విచారణదో ఆ విచారణలోనే రాస్తారు.

ఒక గురువుకు ఆదివారం ఉదయం 6:00 గుడి, 8:30 ఒక ఊరు, 10:30 ఇంకో ఊరు. రెండో గురువుకు 6:00 ఊరు, 8:15 రెండో గుడి, 10:30 ఊరు. పూజకూ పూజకూ మధ్య ప్రయాణం పోను కనీసం 20 నిమిషాలు మిగలాలి. పాపసంకీర్తనం చెప్పుకోవాలని ఎవరైనా కాచుకుని ఉంటారు, మంచంలో ఉన్నవారికి సత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) ఇవ్వాలి. ఆ 20 నిమిషాలు తీసేస్తే ఫాదర్ గారు పూజ చేసి బండెక్కే మనిషి మాత్రమే అవుతారు. మరొకటి, వరుసగా పూజలు చేసే గురువు రెండో పూజకు ముందు గంట ఉపవాసం లేకపోయినా ఏదైనా తీసుకోవచ్చు (919). కాబట్టి ఊరివాళ్లు మొహమాటపడకుండా టీ, ఇడ్లీ పెట్టండి. షుగర్ ఉన్న ఫాదర్లు ఎందరో ఉన్నారు.

పూజ లేని ఆదివారం ఊరి గుడి మూతపడకూడదు. ఉపదేశి ఆధ్వర్యంలో ఆనాటి పఠనాలు, కీర్తన, సువార్త, విశ్వాసుల ప్రార్థనలు, పరలోక ప్రార్థన. సత్ప్రసాదం పంచాలంటే మేత్రాసనం నియమించిన అసాధారణ పరిచారకులు (సత్ప్రసాదం పంచే అనుమతి ఉన్న విశ్వాసులు) ఉండాలి. వాళ్ల శిక్షణకు ఇప్పుడే పేర్లు పంపండి. ఊరికి ఒక్కరు చాలరు, ఇద్దరు కావాలి. ఉన్న ఒక్కరూ నాట్లకో కూలికో వేరే ఊరు వెళ్తే ఆ వారం ఆగిపోతుంది.

క్రిస్మస్ రాత్రి, పవిత్ర వారం మామూలు పట్టికతో నడవవు. పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి పూజ) ఒక గుడిలో ఒక్కసారే, చీకటి పడ్డాకే మొదలుకావాలి. ఊళ్లవాళ్లను రెండు ప్రధాన గుళ్లకు చేర్చే ట్రాక్టర్లు, ఆటోలు ముందే మాట్లాడుకోండి. క్రిస్మస్‌కు అదనపు గురువు కావాలంటే నవంబరులోనే డీన్ గారికి రాయాలి. డిసెంబరు 20న అడిగితే ఎవరూ ఖాళీగా ఉండరు.

ఓరుగల్లు_శృతి

కుర్రాళ్ల బస్సు సంగతి? నిజంగా బాధతో అంటున్నారు వాళ్లు, తోసిపుచ్చకండి.

కానన్_పుటలు

బాధను తోసిపుచ్చట్లేదు శృతి గారూ. విశ్వాసులు తమ అవసరాలను, అభిప్రాయాన్ని గురువులకు, మేత్రాణులకు తెలపడం హక్కు, ఒక్కోసారి బాధ్యత కూడా (212). అయితే ఏది అడిగితే ఫలితం ఉంటుందో తెలిసి అడగాలి.

బదిలీకి ఒప్పుకోని విచారణ గురువుకు చట్టం ఒక క్రమం ఇచ్చింది (1748 నుంచి 1752). మేత్రాణులు రాతపూర్వకంగా ప్రతిపాదించాలి, గురువు కాదంటే కారణాలు రాయాలి, మేత్రాణులు ఇద్దరు విచారణ గురువులతో కలిసి ఆ కారణాలు తూచి చూడాలి, అప్పుడూ తప్పదనుకుంటే మళ్లీ చెప్పాలి. ఆ హక్కు గురువుది, విచారణవారిది కాదు. ఆ కానన్ చక్కగా సేవ చేస్తున్న గురువును వేరేచోటికి పంపడం గురించే మాట్లాడుతుంది. కాబట్టి 'ఏం తప్పు చేశారని పంపుతున్నారు' అన్న ప్రశ్నే మంచి ఫాదర్ గారి మీద లేని అనుమానం పుట్టిస్తుంది. ఆయన ఒప్పుకుని వెళ్తున్నప్పుడు గేటు ముందు కూర్చుంటే, వెళ్లే ఆయనే కూడగట్టారన్న నింద పడేది ఆయన మీదే.

అడగాల్సినవి వేరే. అప్పగింత ఎంతకాలానికి? మీ గుడిలో ఆదివారం పూజ నిలుస్తుందా? వారంలో ఒక రోజైనా ఫాదర్ గారు మీ బంగళాలో ఉంటారా? అసాధారణ పరిచారకులకు శిక్షణ ఎప్పుడు? ఈ నాలుగూ ఒక పేజీ ఉత్తరంలో రాసి, కమిటీ సంతకాలతో ముగ్గురు వెళ్లి ఇవ్వండి. నకలు మీద 'ముట్టినది' అని రాయించుకోండి. రెండు విచారణల కమిటీలూ ఒకే ఉత్తరం మీద సంతకం చేస్తే ఇంకా బలం.

మిస్సోరి_తెలుగు

విచారణలను కలపడం అంటే ఎలా ఉంటుందో ఇక్కడ అమెరికాలో చూస్తున్నాం, తేడా తెలియడానికి చెబుతాను. సెయింట్ లూయిస్ అగ్రపీఠంలో (ఆర్చ్‌డయోసిస్‌లో) 178 విచారణలను 134కు తగ్గించారు, 2023 ఆగస్టు 1 నుంచి అమలు. పిట్స్‌బర్గ్‌లో 2018లో 188 విచారణలను 57 సమూహాలు చేశారు, తర్వాత సమూహాలను కొత్త విచారణలుగా కలుపుకుంటూ వచ్చారు. అక్కడ పాత విచారణ రద్దయి, ఆస్తి, అప్పు, రిజిస్టర్లు కొత్తదానికి వెళ్తాయి. అలాంటి ఉత్తర్వు మీద విశ్వాసులు అప్పీలుకు వెళ్లవచ్చు. ఉత్తర్వు తెలిసిన 10 రోజుల్లోపే మేత్రాణులనే పునరాలోచించమని రాతపూర్వకంగా అడగాలి. జవాబు వచ్చాక, లేదా 30 రోజులు మౌనంగా ఉంటే, 15 దినాల్లో రోముకు. ఆ మొదటి 10 రోజులు మీటింగులతో పోగొట్టుకుని తలుపు మూసుకుపోయినవాళ్లు ఉంటారు. గురువుల కొరత ఒక్కటే విచారణ రద్దుకు చాలిన కారణం కాదని 2020 జూలైలో రోము ఇచ్చిన సూచనల్లోనూ ఉంది.

ఆంధ్ర, తెలంగాణ మేత్రాసనాల ఫాదర్లు ఇక్కడ చాలా విచారణల్లో సేవ చేస్తున్నారు. వాళ్ల బదిలీలో అదనపు చిక్కు వీసా. ఆర్-1 (మత సేవకుల) వీసా గరిష్ఠంగా 5 ఏళ్లే. ఈలోగా గ్రీన్ కార్డు పని పూర్తికాకపోతే విచారణ మధ్యలో ఖాళీ అవుతుంది. మన ఊళ్లో గురువు ఎందుకు లేరని అడిగేటప్పుడు, మనవాళ్లు కొందరు ఇక్కడ ఉన్నారన్నదీ ఆ జవాబులో ఒక భాగం.

గోదావరి_విశ్వాసి

మా పక్క విచారణ మఠవాసి సభ (సొంత పెద్దలున్న సన్యాస సంఘం) ఫాదర్లది. వాళ్లకూ ఇవే నియమాలా?

కానన్_పుటలు

కొంత వేరు. ఆ విచారణ సభకు అప్పగించిన ఒప్పందం రాతలో ఉంటుంది (520). సభ పెద్దలు పేరు ఇస్తారు, మేత్రాణులు నియమిస్తారు. మార్చాలంటే ఇద్దరిలో ఎవరైనా రెండోవారికి తెలియజేసి మార్చవచ్చు, ఒప్పుకోలు అక్కర్లేదు (682). అందుకే వాళ్ల బదిలీలు మేత్రాసనం జాబితాతో కలవకుండా వేరే నెలలో వస్తుంటాయి.

రిజిస్టర్_బీరువా

రిజిస్టర్ల అప్పగింత మిగిలిపోయింది. జ్ఞానస్నానం, పెళ్లి, మరణం, ఈ మూడూ తప్పనిసరి (535). మీ దగ్గర భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), మొదటి సత్ప్రసాదం పుస్తకాలు కూడా ఉంటే వాటినీ కలపండి. ప్రతి పుస్తకంలో చివరి ఎంట్రీ కింద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీయండి. గీత కింద చివరి క్రమ సంఖ్య, తేదీ, ఇద్దరు ఫాదర్ల సంతకాలు, విచారణ ముద్ర. ఇలా చేస్తే తర్వాత ఎవరూ మధ్యలో ఎంట్రీ ఇరికించలేరు.

గీత గీసే ముందు బల్ల సొరుగు చూడండి. ఊళ్లో జ్ఞానస్నానం ఇచ్చి, చీటీ మీద రాసుకుని, రిజిస్టర్‌లో ఎక్కించడం మరిచిన కాగితాలు అక్కడే ఉంటాయి. శిశువు పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, ఇచ్చిన గురువు. ఇచ్చిన గురువు ఇంకా ఊళ్లో ఉండగానే ఎక్కించాలి. 22 ఏళ్ల తర్వాత ఆ అమ్మాయి పెళ్లికి సర్టిఫికెట్ అడిగినప్పుడు పుస్తకంలో పేరు లేకపోతే సాక్షులను వెతకాలి, ప్రమాణ పత్రాలు రాయాలి.

పెళ్లి సమాచారం పంపాల్సినవీ చూడండి. వేరే విచారణలో జ్ఞానస్నానం పొందినవారి పెళ్లి మీ దగ్గర జరిగితే ఆ విచారణకు తెలియజేయాలి (1122). ప్రభుత్వానికీ ఉంది: 1872 క్రైస్తవ వివాహ చట్టం 30వ సెక్షన్ ప్రకారం మేత్రాణులు నమోదు బాధ్యత ఎవరికి ఇచ్చారో వారు తాము నమోదు చేసిన కతోలిక పెళ్లిళ్ల వివరాలు మూడు నెలలకోసారి రిజిస్ట్రార్ జనరల్‌కు పంపాలి. బదిలీ మూడు నెలల మధ్యలో పడితే 'ఆయన పంపుతారని' ఈయన, 'ఈయన పంపుతారని' ఆయన ఊరుకుంటారు. వెళ్లే ఫాదర్ గారు అప్పటివరకు జరిపించినవి ఆయనే నింపి సంతకం చేసి వెళ్లాలి.

రెండు విచారణల పుస్తకాలు ఒకే బీరువాలో పెట్టకండి. ఒకే ఫాదర్ గారు, ఒకే బల్ల, ఒకే రంగు అట్టలు. అలసిపోయిన సాయంత్రం ఈ ఊరి పాప ఆ ఊరి పుస్తకంలోకి వెళ్లిపోతుంది. మీ పుస్తకాలు మీ గుడి ఆఫీసులోనే, మీ ముద్ర మీ బీరువాలోనే ఉండాలి. వెన్ను మీద పెద్ద అక్షరాలతో విచారణ పేరు రాయండి. మిషనరీల కాలం నాటి లాటిన్ రిజిస్టర్లు ఉంటే ఫోటోలు తీసి ఉంచండి, కాగితం పొడి అవుతుంటే ప్లాస్టిక్ కవర్లో కట్టకండి, చెమ్మ పట్టి ఇంకా పాడవుతుంది.

కాలువగట్టు

ఎంతో మేలు చేశారు అందరూ. చివరిగా ఒకటి. మా గుడిలో ఇక రాత్రిళ్లు ఫాదర్ గారు ఉండరు. దివ్యమందసంలో (సత్ప్రసాదం భద్రపరిచే పెట్టెలో) సత్ప్రసాదం ఉంచవచ్చా, తీసేయాలా? పెద్దవాళ్లు దీని గురించే దిగులు పడుతున్నారు.

చెట్టుకింద_ఉపదేశి

తీయక్కర్లేదు. విచారణ గుడిలో సత్ప్రసాదం ఉండాలి. అయితే దాన్ని చూసుకునే బాధ్యత ఒకరికి ఎప్పుడూ ఉండాలి, వీలైనంతవరకు నెలకు రెండు సార్లైనా అక్కడ పూజ జరగాలి (934). మీకు వారం వారం ఉంటుంది. మందసం తాళంచెవి గుడి తాళాల గుత్తిలో ఉండకూడదు, సాక్రిస్టీ (పూజ వస్తువుల గది) మేకుకు వేలాడదీయకూడదు. మీ దగ్గర సిస్టర్ల మఠం ఉంటే వాళ్లకు అప్పగించమని ఫాదర్ గారిని అడగండి. లేకపోతే నియమితులైన అసాధారణ పరిచారకులకు. వానాకాలం మన డెల్టా చెమ్మకు అప్పాలు త్వరగా మెత్తబడతాయి కాబట్టి తక్కువ ఉంచి, ప్రతి ఆదివారం మార్చమని చెప్పండి. మందసం ముందు దీపం ఆరకూడదు. నూనె దీపమైతే రోజు మార్చి రోజు ఎవరు పోస్తారో పేర్లు రాసి సాక్రిస్టీ తలుపు వెనక అంటించండి.

పవిత్ర తైలాలు కూడా ఇప్పుడే చూడండి. మూడు సీసాల మీద చీటీలు చెరిగిపోయి ఉంటాయి. కొత్త ఫాదర్ గారు రాత్రి 2 గంటలకు రోగి దగ్గరకు పరుగెత్తుకొచ్చినప్పుడు ఏది వ్యాధిగ్రస్తుల తైలమో తడుముకోకూడదు. పాత ఫాదర్ గారి చేతనే ఈ వారం కొత్త చీటీలు అంటించండి.

కాలువగట్టు

మా దగ్గర మఠం ఉంది, ముగ్గురు సిస్టర్లు ఉన్నారు. తాళంచెవి సంగతి ఈ సాయంత్రమే ఫాదర్ గారితో మాట్లాడతాను. శనివారం పెద్ద విచారణ కమిటీని మా గుడికి పిలుస్తున్నాం, 15 ఊళ్ల పటం గోడకు పెట్టి నిమిషాలు రాయడం మొదలుపెడతాం. డెలిగేషన్ కాగితం నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.

రిజిస్టర్_బీరువా

ఇంత చాలు: "నా విచారణ హద్దుల్లోని (గుడి పేరు)లో, (తేదీ)న, (వరుడు), (వధువు)ల జ్ఞానవివాహాన్ని జరిపించుటకు (గురువు పేరు, మేత్రాసనం) గారికి కానన్ 1111 ప్రకారం అధికారం ఇస్తున్నాను." కింద విచారణ గురువు సంతకం, తేదీ, ముద్ర. ముద్ర మీ విచారణదే వేయించండి, పెద్ద విచారణది కాదు.